తనంతట తాను మూసుకునే కిటికీ

ఆ పెద్దాసుపత్రిలో గోడకొక బోర్డు ఉండేది. ఉమ్మరాదు. అరవరాదు. వరుస తప్పరాదు. రోగి మంచం మీద కూర్చోరాదు. జనం మాత్రం వచ్చి, మొదటి బోర్డు కింద ఉమ్మి, మూడో బోర్డు మేకుకు సంచీ తగిలించి, హాయిగా వరుస తప్పేవారు. చదువు రాక కాదు. చదువుకున్నవాళ్ళయితే బోర్డు ఆసాంతం చదివి, రాత కుదరలేదని పెదవి విరిచి మరీ ఉమ్మేవారు. లోకంలో అందరికంటే ఎక్కువ నీతులు చెప్పి అందరికంటే తక్కువ మర్యాద పొందేది గోడే అని నా అభిప్రాయం. అత్తగార్లది ఆ తర్వాతి స్థానం.

ఆ బోర్డులకు మేకులు కొట్టేది ఆసుపత్రి వడ్రంగి. అందరూ మేస్త్రి అనేవారు. మెట్ల కింద చిన్న గది, గదిలో బల్ల, బల్ల మీద రంపం, చిత్రిక, నాలుగు ఉలులు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. విరిగిన మంచాలకు పట్టీలు వేయడం, బిగుసుకుపోయిన తలుపులకు చిత్రిక పట్టడం ఆయన పని. మనిషి మంచివాడే. మాటకే కరువు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ‘ఊఁ’లు, రెండు ‘చూద్దాం’లు. మిగిలిన రెండూ ఏమిటో ఆయన భార్యకు కూడా తెలియదు.

కథ మెట్ల మలుపులో మొదలైంది. అక్కడి మూలకు సున్నం వేసిన మర్నాటికే మరకలు పడేవి. ఒకసారి పాత బీరువా నుంచి ఊడదీసిన నిలువుటద్దాన్ని మేస్త్రి ఆ మూలకు ఆనించి, మధ్యాహ్నం తీద్దామనుకుని మర్చిపోయాడు. మూడు రోజుల తర్వాత చూస్తే మూల తళతళలాడుతోంది. పని మానేసి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒకాయన బుగ్గలు నింపుకుని వచ్చాడు, వంగాడు, ఉబ్బిన బుగ్గలతో ఎవరో పెద్దమనిషి తన వైపే వంగడం చూశాడు. అటూ ఇటూ చూసి, గుటకేసి, తల దువ్వుకుని వెళ్ళిపోయాడు. ఎదుటివాడి మొహాన ఉమ్మేవాళ్ళు ఉంటారు గానీ తన మొహాన తాను ఉమ్ముకునేవాడు ఎక్కడుంటాడు?

ఆ సాయంత్రం మేస్త్రికి జ్ఞానోదయమైంది. జ్ఞానోదయమైనవాళ్ళు ఊరికే ఉండరు కదా, ఒక సూత్రం చెబుతారు. “మనిషికి చెప్పొద్దు, చెక్కకు చెప్పు” అన్నాడు. వినడానికి వార్డు ఆయా ఒక్కతే ఉంది. ఆవిడ బకెట్టు తీసుకుని తన దారిన తాను పోయింది.

తర్వాత డాక్టరు గది ముందున్న తోపులాట మీద పడ్డాడు. రెండు రోజులు కదలకుండా కూర్చుని, ఎవరు ఎక్కడ దూరుతున్నారో ఒక చెక్క మీద గీతలు పెట్టుకున్నాడు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. అడగడం ఆయన పద్ధతి కాదు, గీతలు పెట్టడమే పద్ధతి. ఆ మీదట గోడ వెంట వంపు తిరిగిన బెంచీ ఒకటి చేసి, మనిషికీ మనిషికీ మధ్య చెయ్యి ఆనించే చెక్క పెట్టి, తలుపు దాకా ఒక్క మనిషి పట్టేంత దారి వదిలాడు. కూర్చున్నవాళ్ళు ఒక్కో చోటూ జరుగుతూ పోతే డాక్టరు ముందు తేలతారు. మధ్యలో దూరాలంటే ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోవాలి. అంత తెగించినవాడు ఏడాది మొత్తానికి ఒక్కడే వచ్చాడు.

డాక్టర్లకు చేతులు కడుక్కోమని చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. కాబట్టి ఎవరూ చెప్పేవారు కాదు, వాళ్ళూ కడుక్కునేవారు కాదు. మేస్త్రి వాళ్ళ హాజరు పుస్తకాన్నీ, దానికి తాడుతో కట్టిన పెన్నునూ తీసుకెళ్ళి కుళాయి పైన గోడకు బిగించాడు. సంతకం పెట్టాలంటే కుళాయి ముందు నిలబడాలి. నిలబడ్డాక సబ్బు ఎదురుగా కనిపిస్తూంటే ఎంతటి డాక్టరైనా ఎంతసేపని మొహం తిప్పుకుంటాడు?

రోగుల్ని చూడటానికి వచ్చిన చుట్టాలది ఇంకో తంతు. రోగిని మూలకు నెట్టి మంచం మీద బైఠాయించేవారు. వాళ్ళ కోసం మేస్త్రి మంచం కిందినుంచి సగం బయటికి పొడుచుకొచ్చే స్టూళ్ళు చేశాడు. మంచం దగ్గరికెళ్ళిన ప్రతివాడి మోకాలి కింద తగిలి, ‘అబ్బా’ అనిపించి, మేమున్నామని చెప్పేవి. చుట్టాలు స్టూలెక్కారు గానీ ఎక్కినవాళ్ళు దిగలేదు. అప్పుడు స్టూలు పలకను వేలెడంత ముందుకు వాల్చాడు. పావుగంట బాగానే ఉంటుంది, అరగంటకు మనిషి జారుతుంటాడు, ముప్పావుగంటకు ‘మళ్ళీ వస్తాంలే’ అని లేస్తాడు. ఎందుకు లేచాడో వాడికే తెలియదు.

ఆ స్టూళ్ళ మీద నోరు విప్పింది ఆయా ఒక్కతే. “మేస్త్రిగారూ, చుట్టాలు కూర్చునేది అరగంట. పొద్దస్తమానం డ్యూటీ చేసి నేను కూలబడేది కూడా ఆ స్టూలు మీదే. నా నడుం విరిగిపోతోందండీ.”

“చూద్దాం” అన్నాడు మేస్త్రి. అన్న తర్వాత మూడేళ్ళు గడిచాయి.

ఇక ఇంటి సంగతి. మేస్త్రిది రెండు గదుల ఇల్లు. వెనక వంటగది, వంటగదికో కిటికీ. ఆ కిటికీకి రెండు బారల దూరంలో పక్కింటి వంటగది కిటికీ. ఆ ఇంట్లో ఒక టీచరమ్మ ఉండేది, ఒంటి మనిషి. ఇటు మేస్త్రి భార్య, అటు టీచరమ్మ. ఇరవై ఏళ్ళుగా ఆ రెండు కిటికీల మధ్య మాటలకు అడ్డూ ఆపూ లేదు. మొదట్లో ‘మీరు’ అనుకున్నారు, ఆరు నెలలకు ‘నువ్వు’లోకి దిగారు, ఏడాది తిరిగేసరికి ‘ఏమే’, ‘ఒసే’ల దాకా వచ్చి అక్కడ స్థిరపడ్డారు. పొద్దున ఇటు పొయ్యి వెలిగిందంటే అటు కిటికీ తెరుచుకునేది. మేస్త్రి ఇంట్లో ఉన్నా లేకపోయినా మాటల విషయంలో ఒకటే కాబట్టి, ఆవిడకు మనిషి అలికిడి అంటే ఆ కిటికీయే.

అందులో ఒకటే చిక్కు. పాలు పొంగేవి. ఇద్దరూ మంచి రసపట్టులో ఉండగా వెనక స్టవ్వు మీద బుస్సుమనేది. ఆవిడ ‘అయ్యయ్యో’ అని పరుగెత్తి, కట్టేసి, గుడ్డతో తుడుచుకుని, మళ్ళీ వచ్చి “ఆఁ, తర్వాత?” అనేది. మేస్త్రికి మాడు వాసన పడదు. పైగా టీ ఆలస్యమవుతుంది. ఒక వారం పాటు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుని చెక్క మీద గీతలు పెట్టాడు. ఏడు రోజుల్లో ఐదు పొంగులు. కారణం దగ్గర ‘కిటికీ’ అని రాసుకున్నాడు.

“ఏమేవ్, కాస్త పాల మీద కన్నేసి ఉంచు” అంటే సరిపోయేది. ఆరు మాటలు. కానీ మనిషికి చెప్పొద్దు అన్నది ఆయన సూత్రమాయె. ఒక ఆదివారం పాత కిటికీ తలుపు ఊడదీసి కొత్తది బిగించాడు. బందులను ఎంత నేర్పుగా వంచి పెట్టాడంటే, తలుపు తోసి వదిలేస్తే దాని బరువుకు అదే వచ్చి ధడాలున మూసుకుంటుంది. తెరిచి ఉంచాలంటే ఒక చెయ్యి దాని మీదే ఉండాలి. తలుపును పట్టి ఉంచే కొక్కెం పీకేశాడు. డబ్బానో గిన్నెనో అడ్డం పెడుతుందేమోనని కిటికీ గడపను వాలుగా చెక్కాడు. ఏది పెట్టినా జారి కింద పడుతుంది.

“ఇదేంటండీ, నిలవట్లేదు?” అంది భార్య.

“పిల్లి” అన్నాడు మేస్త్రి.

నిజమే, ఎప్పుడో ఒకసారి ఒక పిల్లి వచ్చి పాలు తాగింది. ఆవిడ నమ్మింది. పైపెచ్చు ఇంటి గురించి ఇంత పట్టించుకున్నందుకు సంతోషించింది కూడా. చెయ్యి నొప్పి పుట్టిన మీదట మూడుసార్లు “ఒక కొక్కెం పెట్టండీ” అని అడిగింది. మూడుసార్లూ “చూద్దాం” అన్నాడు. ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో గరిటె పట్టుకుని మనిషి ఎంతసేపు కబుర్లాడగలదు? గంట మాటలు పది నిమిషాలకు దిగాయి. పాలు పొంగడం ఆగిపోయింది. ఇంకో నెలకు టీచరమ్మ కిటికీ కూడా తెరుచుకోవడం మానేసింది. మేస్త్రి పొద్దున్నే వేళకు టీ తాగుతూ, లోకాన్ని ఇంత సులువుగా బాగు చేయవచ్చని తెలియక పెద్దపెద్దవాళ్ళు ఎందుకు గొంతు చించుకుంటున్నారా అని జాలిపడేవాడు.

ఆయన బెంచీలనూ స్టూళ్ళనూ చూడటానికి వేరే ఆసుపత్రులవాళ్ళు రాసాగారు. ఆ ఏడాది వార్షికోత్సవంలో పెద్ద డాక్టరు మేస్త్రిని వేదిక మీదికి పిలిచి, ఒక గోడ గడియారం బహూకరించి, “మా మేస్త్రి రెండు మాటలు మాట్లాడతారు” అన్నాడు. ముందు వరసలో మేస్త్రి భార్య మంచి చీర కట్టుకుని కూర్చుంది. రెండు మాటలంటే మేస్త్రికి ఇబ్బంది లేదు, అది ఆయన కోటాలోదే. కానీ మైకులో ఏముందో గానీ, తన గొంతు అంత పెద్దగా తనకే వినబడేసరికి ఆయనకు నిషా ఎక్కింది. అద్దం కథ చెప్పాడు, చప్పట్లు కొట్టారు. స్టూలు కథ చెప్పాడు, పడీ పడీ నవ్వారు. నవ్వు రుచి మరిగినవాడిని ఆపడం ఎవరి తరం?

“ఆసుపత్రి దాకా ఎందుకండీ” అన్నాడు, “మా ఇంట్లోనే చూడండి. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి పక్కింటావిడతో కబుర్లు పెట్టుకునేది, వెనక పాలు పొంగిపోయేవి. నేను ఒక్క మాట అనలేదు. తలుపు బందులు రెండూ వంచాను. పిల్లి కోసమని చెప్పాను. రెండు నెలల్లో కబుర్లు బందు. ఒక్క చుక్క పాలు పొంగితే ఒట్టు!”

సభ గొల్లుమంది. పెద్ద డాక్టరు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ముందు వరసలో మగవాళ్ళంతా తలలు తిప్పి మేస్త్రి భార్య వైపు చూశారు. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, వేదిక వైపు చూస్తూ అలాగే కూర్చుంది. సభలో నవ్వని మనిషి ఆవిడ ఒక్కతే.

గడియారం చంకలో పెట్టుకుని మేస్త్రి, పక్కన ఆవిడ, నడిచి ఇంటికి బయల్దేరారు. సగం దారిలో అంది:

“అయితే అది పిల్లి కోసం కాదన్నమాట.”

“పాల కోసం” అన్నాడు మేస్త్రి.

“నా కోసం” అంది ఆవిడ. కాసేపు నడిచాక మళ్ళీ అంది: “రెండు నెలల కిందట ఒకరోజు టీచరు నాకో మాట చెప్పింది. చెల్లెలు ఉన్న ఊరికి బదిలీ ఇస్తామంటున్నారట, వద్దంటే ఇక్కడే ఉండొచ్చట. ‘నేను వెళ్ళిపోతే నీకేమైనా అనిపిస్తుందే?’ అని అడిగింది. అడిగి నా మొహంలోకి చూస్తోంది. జవాబు మీ తలుపు చెప్పింది. ధడాలుమని. మళ్ళీ తెరిచేసరికి అది లేదు. మర్నాటి నుంచి వాళ్ళ కిటికీ తీయలేదు. అదంత పొగరు చూపిస్తే నాకేం తక్కువ అని నేనూ అడగలేదు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం సామాను లారీ వస్తోంది.”

ఇంతవరకూ చెప్పి ఆవిడ నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం మామూలు మూసుకోవడం కాదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. మేస్త్రి గోడ పక్కన నిలబడి చెవులు రిక్కించాడు. “ఆ తలుపు మా ఆయన అలా చేశాడే, నేను కాదు” అంటోంది ఆవిడ. “అయ్యో, దానిదేముందండీ. మీ పనులు మీకుంటాయి కదండీ. పాపం అన్నయ్యగారిని ఎందుకండీ మధ్యలోకి లాగడం?” అంది టీచరమ్మ. ఇరవై ఏళ్ళ ‘ఒసే’ తర్వాత మూడు ‘అండీ’లు! చెంపలు రెండూ వాయించినా అంత నొప్పి పుట్టదు. ఆవిడ ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, మాట్లాడకుండా కూరగాయలు ముందేసుకుంది.

మేస్త్రికి ఏం చేయాలో పాలుపోలేదు. ఆలోచించిన కొద్దీ ఆయనకు తట్టింది ఒకటే: ఇన్నేళ్ళూ చెక్కతో చెప్పినంత కాలం అంతా సవ్యంగా ఉంది, మైకు ముందు నోరు తెరిచాను, కొంప మునిగింది. కాబట్టి తప్పంతా నోటిది. ఇక చెక్కనే నమ్ముకోవాలి. తెలివైనవాళ్ళు తప్పుదారిలో పోయేటప్పుడు కూడా ఎంత తిన్నగా పోతారో చూడండి.

మొదట కిటికీ తలుపు మొత్తం ఊడదీసి పెరట్లో పడేశాడు. కిటికీ బోసిగా నిలబడింది. అవతలి కిటికీ మూసే ఉంది. భార్య ఆ ఖాళీలోంచి ఒకసారి బయటికి చూసి, కూర కలుపుకుంది.

తర్వాత ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, టీ పొడి డబ్బా తీసి పై అరలో, ఆవిడకు జానెడు అందనంత ఎత్తులో సర్దాడు. ‘ఏవండీ, కాస్త అందుకోండీ’ అనక తప్పదు కదా! వంటగది గుమ్మం పక్కనే తచ్చాడుతూ చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆవిడ ముందు గదిలోకి వెళ్ళి, ఆయన ఆసుపత్రి కోసం చేసి నమూనాగా ఇంట్లో ఉంచుకున్న స్టూలు తెచ్చుకుని, ఎక్కి, మూడు డబ్బాలూ దించుకుంది. తన ఆయుధమే తన మీదికి రావడం అంటే అదే.

మూడోది ఆయన జీవితంలోనే గొప్ప పని. మూడు రోజులు కష్టపడి వరండాలో ఇద్దరు కూర్చునే బెంచీ చేశాడు. రెండు వైపుల నుంచీ మధ్యకు రవ్వంత వాలు. ఇద్దరు మనుషులు ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చున్నా పావుగంటలో భుజాలు తగులుతాయి. సాయంత్రం ఒక చివర కూర్చుని ఎదురుచూశాడు. ఆవిడ వచ్చింది. ఉతికిన బట్టల బుట్ట రెండో చివర పెట్టి లోపలికి వెళ్ళింది. పావుగంటలో బుట్ట జరుగుతూ జరుగుతూ వచ్చి మేస్త్రి భుజానికి ఆనుకుంది. లెక్క నిమిషం తప్పలేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

ఇంట్లో వినిపించేది కొత్త గోడ గడియారం ఒక్కటే. మౌనం అర్ధాంగీకారం అన్నవాడికి పెళ్ళయి ఉండదు. ఇన్నాళ్ళూ ఇంట్లో తాను మాట్లాడడని తెలుసు గానీ, తనకు మాటలు వినడం అలవాటని మేస్త్రికి తెలియదు. కిటికీ దగ్గరి ఆ గొణుగుడూ ఆ నవ్వులూ ఇరవై ఏళ్ళుగా చెవిన పడుతూనే ఉన్నాయి. అవి ఆగిపోయాక ఇల్లు ఇల్లులా లేదు. ఆవిడ ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని మొదటిసారి భయం వేసింది.

శుక్రవారం నాడు ఆసుపత్రిలో, మెట్ల కింద గదిలో, ఉలి పట్టుకుని పని చేయకుండా కూర్చున్నాడు. ఆయా తొంగి చూసింది. ఆవిడ కూడా ఆ సభలో ఉంది, చివరి వరసలో.

“ఏంటండీ మేస్త్రిగారూ, ఇంట్లో ఇంకా కర్ఫ్యూయేనా?”

“ఊఁ.”

“ఏం చేశారేంటి?”

మేస్త్రి టీచరమ్మ సంగతీ, బెంచీ సంగతీ చెప్పాడు. ఆయా గుమ్మం పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఊపిరి తీసుకుని అంది: “ఎన్ని బెంచీలు చేస్తారండీ? మీ నోరు ఏ చెక్కతో చేశారు? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు గానీ బెంచీ మంచిదైతే అనలేదుగా! మూడేళ్ళ కిందట నా నడుం నొప్పని చెప్పుకున్నాను. చూద్దామన్నారు. అంతలా అందరినీ చూస్తారు గదా, ఒక్కరినైనా ఒక్కసారైనా అడిగారా?”

మేస్త్రి ఉలి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఎంతో కష్టం మీద, బిగుసుకుపోయిన మేకు పీకినట్టు, ఒక ప్రశ్న పెకలించాడు.

“బాగా నొప్పిగా ఉంటుందా?”

ఆయా జవాబు చెప్పడం మొదలుపెట్టింది. నడుం గురించి చెప్పింది, మోకాళ్ళ గురించి చెప్పింది, ఏ వార్డులో ఏ స్టూలు ఎంత పాపిష్టిదో చెప్పింది, తన ఆడపడుచు గురించి కూడా కొంత చెప్పింది. అరగంట పట్టింది. మేస్త్రి పూర్తిగా విన్నాడు, చెక్క మీద ఒక్క గీత కూడా పెట్టలేదు. సాయంత్రంలోగా ఆ వార్డు స్టూళ్ళన్నీ చదును చేశాడు. వెళ్ళేటప్పుడు ఆయా అంది: “టీచరమ్మ మీ ఆవిడ మాట నమ్మదండీ. మొగుడి మీదికి తోసేస్తోందనుకుంటుంది. ఆ తలుపు ఎవరు వేశారో వాళ్ళే చెప్పుకోవాలి. మీ ఇష్టం మరి.”

శనివారమంతా మేస్త్రి చెప్పాల్సినదాన్ని ఒక చెక్కముక్క మీద పెన్సిలుతో రాసుకున్నాడు. రాసి, గీకేసి, మళ్ళీ రాశాడు.

ఆదివారం పొద్దున పక్కింటి ముందు లారీ వచ్చి ఆగింది. మంచం ఎక్కింది, బీరువా ఎక్కింది. చాలా రోజుల తర్వాత అవతలి వంటగది కిటికీ తెరుచుకుంది. టీచరమ్మ అరలోంచి డబ్బాలు దించి పేపర్లలో చుడుతోంది. ఇవతల మేస్త్రి భార్య స్టవ్వు మీద పాలు పెట్టి, కిటికీ వైపు వీపు పెట్టి, బీరకాయ చెక్కు తీస్తోంది. ఆ బీరకాయకు చెక్కు ఎప్పుడో అయిపోయింది. అయినా తీస్తూనే ఉంది.

మేస్త్రి వచ్చి బోసి కిటికీ ముందు నిలబడ్డాడు. మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“టీచరమ్మగారూ.”

టీచరమ్మ ఉలిక్కిపడింది. ఇరవై ఏళ్ళలో ఆ గొంతు ఆ కిటికీలోంచి రావడం అదే మొదలు. “చెప్పండి అన్నయ్యగారూ” అంది, డబ్బా చాటునుంచి.

మేస్త్రి చేతిలోని చెక్కముక్క చూసుకున్నాడు. చెమటకు పెన్సిలు రాతంతా అలుక్కుపోయింది. దాన్ని గట్టు మీద పెట్టేశాడు.

“ఆ తలుపు మీ మొహం మీద వేసింది మా ఆవిడ కాదండీ, నేను. అంటే, అప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. కానీ వేసింది నేనే. బందులు నేనే వంచాను. కొక్కెం నేనే పీకేశాను. డబ్బా పెట్టినా నిలవకుండా గడప వాలుగా చెక్కాను. పిల్లి అని అబద్ధమాడాను. మీరిద్దరూ మాట్లాడుకోకూడదనే చేశానండీ. తను మూడుసార్లు కొక్కెం అడిగింది, చూద్దామన్నాను. మీకు తన మీద కోపం వద్దు. ఉంటే నా మీద ఉంచుకోండి. తప్పు నాది.”

వెనక చెక్కు తీసే చప్పుడు ఆగిపోయింది. మేస్త్రి భార్య వైపు తిరిగాడు. సగమే తిరిగాడు, పూర్తిగా తిరగడానికి ధైర్యం చాల్లేదు.

“నీకూ అంతే. అడక్కుండా చేశాను. చేసింది చాలక సభలో చెప్పి నవ్వించాను. తప్పయిపోయింది.”

టీచరమ్మ డబ్బా కింద పెట్టింది. “మరి ఆ రోజు నేను అడిగినప్పుడు…” అని ఆగింది.

మేస్త్రి భార్య లేచి వచ్చి, భుజంతో ఆయన్ని పక్కకు జరిపి, కిటికీలో నిలబడింది.

“కన్ను తుడుచుకుందామని చెయ్యి తీశానే” అంది. “నువ్వు వెళ్ళిపోతానన్నావు, నాకు ఏడుపొచ్చింది. తుడుచుకుందామని చెయ్యి తీశాను, ఆ పాపిష్టి తలుపు పడిపోయింది. తీసేసరికి నువ్వు లేవు.”

“ఒసే పిచ్చిదానా! ఆ మాట ఆ రోజే వచ్చి చెప్పొచ్చు గదే!”

“చెబుదామని వస్తే అండీ అన్నావు! ఒకసారి కాదు, మూడుసార్లు!”

“అనరా మరి? రెండు నెలలు నా మొహం చూడకుండా ఉండి, ఇప్పుడొచ్చి మా ఆయన అంటే ఎవరు నమ్ముతారే?”

ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో మేస్త్రికి అంతుపట్టలేదు. ఎన్నడూ ఇంత దగ్గరగా నిలబడి వినలేదు.

“వెళ్ళకే” అంది ఆయన భార్య.

“ఆ మాట రెండు నెలల ముందు కావాల్సింది. ఇప్పుడు ఆర్డరు వచ్చేసింది. బీరువా లారీ ఎక్కేసింది.”

“ఇప్పుడంటున్నాగా.”

“ఇప్పుడంటే లారీవాడు నన్ను చంపుతాడే!”

లారీ హారన్ మోగింది. ఇద్దరిలో ఒక్కరూ పట్టించుకోలేదు. రెండు నెలల బాకీ కబుర్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. కొత్త ఊళ్ళో ఇల్లు ఎలాంటిది, చెల్లెలి మొగుడి వాలకం ఏమిటి, రోజూ ఏ వేళకు ఫోను చేసుకోవాలి, అక్కడి వంటగదికి కిటికీ ఉందా లేదా. మేస్త్రి స్టవ్వుకు ఆనుకుని, చేతులు కట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని వింటున్నాడు. చెల్లెలి మొగుడి కథ మంచి పాకాన పడింది. వాడు నిజంగా అంత పిసినారి మనిషా అని ఆయన మెడ సాచాడు.

“ఏవండీ” అంది భార్య, ఇటు తిరక్కుండానే. “పాలు.”

పదకొండు రోజుల తర్వాత అది మొదటి మాట. ఆ ఆనందంలో మాట అర్థమవడానికి మేస్త్రికి ఇంకో రెండు క్షణాలు పట్టింది. తిరిగి చూసేసరికి పాలు గిన్నె అంచు దాటి, బుస్సుమని స్టవ్వంతా పరుచుకుని, గట్టు మీదున్న చెక్కముక్క దాకా వెళ్ళాయి. జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు ఆయన.

“మాటల్లో పడి చూసుకోలేదు” అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు. “తెలిసిందా ఇప్పుడు?” అంది. “పాలు ఎందుకు పొంగుతాయో?”

అవతలి కిటికీలో టీచరమ్మ పగలబడి నవ్వింది.

“ఆ కిటికీకి ఒక మంచి తలుపు… కొక్కెంతో… పెట్టమంటావా?” అని అడిగాడు మేస్త్రి. అడగడం ఇంకా కొత్త కాబట్టి మాటలు ఎగుడుదిగుడుగా వచ్చాయి.

“పెట్టండి. దాని కొత్త ఇంటి కిటికీకి కూడా ఏమైనా కావాలేమో అడగండి. అడిగి చేయండి.”

పొద్దున తొమ్మిదింటికి కదలాల్సిన లారీ మధ్యాహ్నం పన్నెండు దాటాక గానీ కదల్లేదు. అప్పటిదాకా ఇద్దరూ కిటికీల దగ్గరే ఉన్నారు. మేస్త్రి స్టవ్వు కట్టేసి, గిన్నె దించి, గుడ్డ ఎక్కడుంటుందని అడిగి, తుడవడం మొదలుపెట్టాడు. ఒకసారి తుడిచాడు, పోలేదు. నీళ్ళు చల్లి రుద్దాడు, అంచుల్లో ఇంకా మిగిలింది. పొంగిన పాలు ఎండితే అంత గట్టిగా పట్టుకుంటాయని ఇన్నేళ్ళలో ఆయనకు తెలియనే తెలియదు.